అత్తగారు చెప్పిన సంగతి

జపాన్‌లోని నీగాతాలో ఉదయం నుంచీ మంచు పడుతోంది. ఇంటి పెద్దల ఫొటోలుంచి పూజించే అల్మరాలో అత్తగారి ఫొటో ముందు వేడన్నం గిన్నె పెట్టి వచ్చి, ఇల్లాలు బొంత కప్పిన హీటరు బల్ల దగ్గర భర్తకు ఎదురుగా కూర్చుని కమలాపండు ఒలవసాగింది.

"మీ పీఎస్ఏ పెరిగిందటగా?"

"ఎవరన్నారు?"

"మీ అమ్మగారు."

"అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది."

"అయినా ముందు ఆవిడకే చెప్పారుగా! రక్తపరీక్ష కాగితం ఆవిడ ఫొటో ముందు పెట్టి, నాకేమో అంతా మామూలే అన్నారు."

"చిన్నప్పటి అలవాటు. బడి మార్కుల కాగితం కూడా ముందు తాతగారి ఫొటో దగ్గరే పెట్టేవాణ్ణి."

"రోజూ అక్కడ అన్నం పెట్టేదెవరో?"

"మర్చిపోయాను."

"దాచడం కూడా చేతకాదు మీకు. డాక్టరేమన్నాడు?"

"ప్రోస్టేట్ క్యాన్సరుకి ఇచ్చే హార్మోను ఇంజెక్షన్లు ఆపాక రక్తంలో ఆ పీఎస్ఏ కొంత పెరుగుతుందట. వచ్చే నెల మళ్ళీ పరీక్ష. బాగా పెరిగితే మళ్ళీ ఇంజెక్షన్లే."

"దానికింత దాపరికమా?"

"మళ్ళీ ఒంట్లో ఆ ఆవిర్లు, ఆ ఏడుపులు! టీవీలో కుక్కపిల్ల తప్పిపోతే కూడా ఏడ్చానే!"

"నాకైతే ఆ రెండేళ్ళూ సరదాగా గడిచాయి. చలికాలంలో విసనకర్ర పట్టుకుని కూర్చునే మీసాల వదినగారు దొరికింది."

"నవ్వకు. నాకు భయంగా ఉంది."

ఆవిడ ఒలిచిన తొనల్లో సగం ఆయన ముందు పెట్టింది.

"ఈసారి పరీక్షకి నేనూ వస్తాను."

"అదీ అమ్మే చెప్పిందా?"

"ఆవిడెప్పుడు నన్ను మీతో పంపించింది గనక? ఇది నా మాట."