విరిగిన కప్పు, నిమ్మచెక్క

ఫొటోల ప్రదర్శనలో, మొదటి బహుమతి వచ్చిన ఫొటో ముందు అక్కాతమ్ముళ్లు నిలబడ్డారు.

"ఒరేయ్, ఇది మా వంటింట్లో కప్పే కదూ?"

"అవునక్కా. పిడి విరిగినా పారెయ్యలేదుగా నువ్వు."

"నిమ్మచెక్కేంట్రా, ఇలా వడిలిపోయింది?"

"వడిలేదాకా ఆగి తీశాను. అప్పుడే ఫొటోకి అందం."

"కింద ఏదో రాశారు, చదువు. కళ్లజోడు తేలేదు."

"ఏదో పేరులే అక్కా."

"చదవరా."

"...'లేమి'."

"ఆ చెక్క నీ టీలోకని దాచానురా. కప్పేమో, నీ మొదటి జీతంతో కొనిచ్చావని ఉంచుకున్నాను."

"పేరు మార్పిస్తానక్కా."

"అందరూ చదివేశారుగా. అదిగో, ఎవరో పూలగుత్తితో నీ దగ్గరికే వస్తున్నారు. నేనలా పక్కన నిలబడతాలే. కప్పు ఎవరిదని అడిగితే, ఎక్కడో దొరికిందని చెప్పు."