హురియా కణాలు

వెల్లింగ్టన్‌లో ఒక క్యాన్సర్ ప్రయోగశాల. పెద్దమ్మ కొడుకు హేమి మురిపెంగా చూపించిన గాజుపళ్ళెం మూత మీద చనిపోయిన తన తల్లి పేరు చదివి, సూక్ష్మదర్శిని దగ్గర్నుంచి తలెత్తింది పారే.

“హురియా అంటే? ఏ హురియా?”

“అదా... కణాలకి ఏదో ఒక పేరు పెట్టుకుంటాంలే. ఎలా పెరుగుతున్నాయో చూశావా?”

“అన్నయ్యా, ఇవి మా అమ్మవా?”

“టీ తాగుదువుగాని రా.”

“టీ నీ మొహాన పోస్తా. అమ్మవేనా?”

“...పిన్నివే.”

“మరి చలికాలంలో మనం పాతిపెట్టిందేంటి? అమ్మ గడ్డలోంచి తీసిన ముక్కలన్నీ ఇచ్చేస్తున్నానని ఆ చెక్కపెట్టె నువ్వే మోసుకొచ్చావు. అమ్మ సమాధి పక్కనే పెట్టాం. మామయ్య ప్రార్థన చేశాడు. మన ఆచారం ప్రకారం శ్మశానం గేటు దగ్గర చేతులు కడుక్కుంటూ నాకంటే గట్టిగా ఏడ్చావు నువ్వు!”

“ముక్కలు ఇచ్చేశాను, పారే. ఒట్టు. వాటిలోంచి పెంచిన కణాలు మాత్రం కొన్ని...”

“కొన్ని?”

“ఉంచుకున్నాను.”

“ఇసుమంత కూడా ఉంచొద్దంది అమ్మ. ఇంకెవరి కణాలతోనూ కలపొద్దంది. మంచంలోంచి నీ చెయ్యి పట్టుకుని అడిగింది.”

“మందు కోసమే! విను. కణానికి సత్తువ ఇచ్చేది మైటోకాండ్రియా. వీటిలో వాటిని పాడుచేశాం. పెరగడం మానేశాయి. పక్కన ఆరోగ్యంగా ఉన్న కణాలు పెడితే, వాటి మైటోకాండ్రియా లాక్కుని మళ్ళీ లేచి కూర్చున్నాయి. ఆ దొంగతనం ఆపగలిగితే గడ్డ మాడి చస్తుంది.”

“పక్కన పెట్టినవి ఎవరివి?”

“ఎవరో దాతవి. పేరు మాకూ తెలీదు.”

“మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందని నాకు చెప్పింది నువ్వే కదా? అమ్మమ్మది అమ్మకి, అమ్మది నాకు. మీ అమ్మకీ, నీకూ అదే.”

“అవును, కానీ...”

“అంటే అమ్మలోంచి అమ్మమ్మని తీసేసి, ముక్కూమొహం తెలియని వాళ్ళని పెట్టావు.”

“అలా అనకు.”

“ఎలా అనను? దొంగని పట్టడానికి నువ్వే దొంగవయ్యావు. పరాయివాడు చేసుంటే నాలుగు తిట్టి పోయేదాన్ని. అమ్మ నమ్మింది ఈ ప్రయోగశాలని కాదు, నిన్ను.”

“అడిగితే మీరు ఒప్పుకోరని...”

“అందుకని అడగలేదా?”

“తప్పే. అన్నీ తెచ్చిచ్చేస్తాను, మళ్ళీ పాతిపెడదాం. కూర్చో, వెళ్ళకు. అసలు ఇవాళ ఎందుకొచ్చావు? ఫోన్‌లో చెప్పేది కాదన్నావు.”

“నాకూ గడ్డ వచ్చింది. సోమవారం కోసి తీస్తారట. అందులో ముక్క నీకే ఇద్దామని వచ్చాను, అన్నయ్యా.”