బెట్టకొచ్చిన జొన్న

వజ్రకరూరు పక్క పల్లెలో ఒక జొన్నచేను. మిట్టమధ్యాహ్నం. గొర్లు మేపే పుల్లన్న, అతని పెండ్లాం చెన్నమ్మ, పశువుల ఆసుపత్రి నుంచి స్కూటీ మీద అప్పుడే వచ్చిన సుజాత.

"తల ఎత్తి పట్టుకో పుల్లన్నా! కిందికి వాలిస్తే నురగంతా గొంతులోకే పోతాది. గట్టిగా!"

"పట్టుకోనే ఉండా కదమ్మా సుజాతమ్మా. నువ్ సూది పొడుచు బిన్నా."

"కదలనీకు... ఆ, అయిపోయింది. వదులు. తర్వాతది."

"ఇది బతుకుతాదా సుజాతా? సూడిగొర్రెమ్మా ఇది. కడుపులో పిల్ల ఉండాది."

"చూద్దాం చెన్నమ్మక్కా. ఊపిరైతే ఆడతాండాది. నీడకు లాగు దాన్ని."

"నీడ యాడుండాదమ్మా? నా కొంగు తప్ప ఈ చేన్లో నీడే లేదు."

"కొంగే కప్పు. పుల్లన్నా, ఎన్ని పోయినాయి?"

"పద్దెనిమిది. నల్లపొట్టేలుతో కలిపి పద్దెనిమిది. పుట్టిన కాన్నించి నా చేతిలో మేత తిన్న పొట్టేలమ్మా అది. కాళ్లు తన్నుకోని తన్నుకోని, నా మొగం చూస్తానే పోయింది."

"ఆ గట్టుమింద మూడు నిలబడిండాయే, వాటికేం కాలేదా?"

"పడినాయి. మళ్ళా లేసినాయి. ఎట్ల లేసినాయో నాకేం తెలుసు? ఈ పడిండేవాటిని చూడు ముందు."

"చూస్తాండా కదా. అన్నా, నీ అంగీ మింద ఆ నెత్తురేంది?"

"గొర్రెలదే. చెవులు కోసినా. విషం తింటే చెవి కోసి నెత్తురు కార్చల్ల. మా నాయన అట్లే చేస్తాండె."

"యా గొర్రెకు కోసినావ్?"

"చచ్చినవాటికి! ఇప్పుడు అదంతా తవ్వాల్నా? ఈ పిల్ల చూడు, కండ్లు తేలేస్తాండాది!"

"అరవద్దు. పట్టుకో. ఇంకొంచెం పైకి... అయ్యో."

"ఏమ్మా? ఏమాయ?"

"పోయింది. సూది దించకముందే పోయింది."

"పంతొమ్మిది. ఏమే చెన్నా, పంతొమ్మిది!"

"నాకు చెప్పద్దయ్యా. నేను లెక్క పెట్టలేను. నాకు చెప్పద్దు."

"ఇంకోదాన్ని లాక్కరా పుల్లన్నా. అన్నా, నాకొకటి అర్థం కాలే. చేను చుట్టూ కంప కొట్టిండాది. సందుకు గూడా నిండుగా ఏసిండాది. గొర్లు యాట్నుంచి దిగినాయి?"

"ఆ సందులోంచే. మళ్ళా నేనే మూసినా. మిగిలినవి దిగకుండా."

"ఇంత ఎత్తుకా? నడుమెత్తు ఏసినావే."

"గొర్రె దూకదా? ఆకలిగొన్న గొర్రె గోడ దూకుతాది."

"ఏమయ్యా, కంపలో ఏందో మూలిగింది."

"గొర్రె. తన్నుకుంటా పోయి దాంట్లో పడింది."

"ఐతే తియ్యాల కదా పుల్లన్నా! ఊపిరుంటే దానికీ సూది ఏస్తా."

"ముట్టద్దు! తుమ్మకంప అది, చేతులు చీరుకపోతాయి. అది అయిపోయిందని చెప్తాండా కదా. బతికేదాన్ని బతికించు."

"మూలిగిందయ్యా, నా చెవులతో ఇన్యా..."

"నువ్ నోరు మూసుకోని ఆ సూడిగొర్రె కాడ కూచో చెన్నా! లేసినావంటే చూడు."

"నా మింద అరుస్తావేందయ్యా? నేనేం చేసినా?"

"మీరిద్దరూ తర్వాత కొట్లాడండి. పుల్లన్నా, మేసిన ఎంతసేపటికి పడినాయి?"

"ఎంతసేపేంది? మొదట దిగినవి గట్టు ఎక్కనే లేదు. నోట్లో ఆకు నోట్లోనే ఉండాది. విషం పెట్టినాడమ్మా ఆ నా కొడుకు."

"ఎవురు?"

"ఇంకెవురు? ఈ చేనోడు, రామాంజులు. జింకలకని చెప్పి మందు చల్లినాడు. నా మంద మింద వానికి ముందునుంచీ కన్ను. పోయిన వారం నల్లపొట్టేలును రాయితో కొట్టినాడు. కుంటుకుంటా వచ్చింది కొట్టానికి."

"మందు కాదన్నా ఇది. ఇట్ల రా, దీని నోరు తెరిచి చూడు. చిగుళ్లు ఎంత ఎర్రగుండాయో చూడు. బెట్ట జొన్న తింటేనే ఇట్లయితాది."

"ఏంది?"

"బెట్టకొచ్చిన జొన్న. విత్తినాక ఒక్క వాన. తర్వాత నలభై దినాల పైన చుక్క లేదు. మోకాలెత్తు లేసి ఆన్నే కుంగిపోయింది. ఆకు చూడు, ఎట్ల చుట్టుకపోయిండాదో. ఎండకు అట్ల బిగదీసిన జొన్నలో విషం దానంతట అదే పుడతాది. ఎవురూ పెట్టే పని లేదు."

"నాకు చెప్పద్దు సుజాతమ్మా. నడక నేర్చిన కాన్నించి గొర్లెంట ఉండా. కోసినాక మళ్ళా మొలిచే పిలక జొన్న విషమని నాకు తెల్దా? ఇది పిలక కాదు. విత్తిన పైరు. దీంట్లో విషం ఎట్లుంటాది?"

"నీళ్లు లేకుంటే రెండూ ఒకటే అన్నా. పిలకైనా పైరైనా."

"ఆయప్ప చెప్పినాడమ్మా."

"ఎవురక్కా?"

"రామాంజులన్న. మొన్న బోరుకాడ బిందె నింపుతాంటే నాకే చెప్పినాడు. 'చెన్నమ్మా, నా జొన్న చెడింది, మా ఎద్దులకే నేను ఎయ్యడం లేదు, గొర్లను ఈ దిక్కు తోలద్దని మీ ఆయప్పకు చెప్పు' అని. చెప్పినా కదయ్యా నీకు. కూడు తింటా ఇన్యావ్."

"ఇన్యా."

"ఇని?"

"వాని మాట ఎవురు నమ్మేది? చుట్టుపక్కల యాడ చూసినా శెనక్కాయ మాడిపాయ. కంది పూతకు రాకముందే ఎండిపాయ. పచ్చగా ఉండేది ఈ ఒక్క చేను. దానికి చుట్టూ కంప కొట్టుకోని, విషం తినద్దని అంటే నమ్మల్లా? ఎద్దులకు దాచుకున్యాడు, నాకు కథ చెప్తాండాడు అనుకున్యా."

"కంప నువ్వే తీసినావా అన్నా?"

"నోరు తెరువయ్యా. గొర్లు దూకినాయంటివి, ఎగిరినాయంటివి. కంప తీసింది నువ్వేనా?"

"నేనే! కొమ్మలు వంచే దోటిగొడ్డలితో లాగి అవతల పారేసినా! ఏం తప్పు? నెలనుంచి తుమ్మకాయలు రాల్చి మేపుతాండా. అవి మట్టి నాకుతాండాయి. నిద్రలో గూడా వాటి అరుపే నా చెవుల్లో. ఒక గంట మేపుకోని తోలుకపోదామనుకున్యా. ఆకలైనవాటికి ఆకు పెడితే తప్పా?"

"నీ చేత్తో నువ్వే చంపుకున్యావ్ కదయ్యా..."

"నేను చంపలే! ఇంకోసారి ఆ మాట అంటే పండ్లు రాలతాయి నీకు! వాడు చంపినాడు!"

"చెయ్యి దించు పుల్లన్నా! అక్క మింద చెయ్యి లేసిందంటే నేను స్కూటీ ఎక్కి పోతా. దించు... ఆ. ఇను ఇప్పుడు. సూదులు అయిపోవస్తాండాయి. ఇంకా నాలుగిటికి సరిపోతాయి, అంతే. మిగతావాటికి బెల్లం నీళ్లు పొయ్యల్ల. యాడ పెట్టినారు?"

"బెల్లం నీళ్లేంది? యాడివి?"

"రామాంజులన్న తెచ్చింటాడు కదా."

"వాడెందుకు తెస్తాడు?"

"నేను చెప్పినా కాబట్టి. నాకు ఫోన్ చేసింది ఆయనే అన్నా. ఎవురనుకున్యావ్?"

"నా పెండ్లాం చేసిందనుకున్యా."

"నాతాన ఫోన్ యాడుండాది? ఎవురో చెప్తే నేను ఊర్నుంచి ఉరుక్కుంటా వచ్చినా."

"రామాంజులన్నే చేసినాడు. 'పుల్లన్న మంద నా చేన్లో దిగింది, పడిపోతాండాయి, బిన్నా రామ్మా' అని ఒకటే అరుపు. నేను గుత్తి రోడ్డులో ఉండా, వచ్చేసరికి గంట పడతాది, అంతలోపల బెల్లం కలిపి తీసుకపోయి తాపన్నా అని చెప్పినా. రాలేదా?"

"రాలే."

"వచ్చినాడయ్యా! దోవలో నన్ను దాటుకోని పరిగెత్తినాడు, చేతిలో డబ్బా పట్టుకోని. కాళ్లకు చెప్పులు గూడా లేవు. నేను వచ్చేసరికి ఈడ లేడు, మళ్ళా నీళ్లకు పోయినాడేమో అనుకున్యా. యాడికి పోయినాడు?"

"నాకేం తెలుసు?"

"ఇందాక గొర్రెలదంటివే, ఆ నెత్తురు ఎవురిది పుల్లన్నా? ఒక్క గొర్రెకూ చెవి తెగలే. నేను అప్పుడే చూసినా. చచ్చినవాటికీ తెగలే."

"వానిదే! చాల్నా? వానిదే!"

"అయ్యో దేవుడా! ఏం చేసినావయ్యా?"

"చూస్తా ఊరుకోవాల్నా? నల్లపొట్టేలును భుజాన ఏసుకోని గట్టు దిగుతాంటే కనపడినాడు. నా గొర్రె దౌడ పట్టుకోని, నోరు తెరిచి, డబ్బాలోది పోస్తాండాడు! నా కండ్ల ముందర! పురుగులమందు డబ్బా! నాకు చదువు రాదు గానీ ఆ పుర్రె బొమ్మ తెల్దా? చేన్లో పెట్టింది చాల్లేదు, మిగిలినవాటికి నోట్లో పోసి చంపుతాండాడు!"

"నువ్వేం చేసినావ్ అన్నా? అది చెప్పు."

"దోటిగొడ్డలి తిప్పి భుజం మింద ఏసినా. పడలే. డబ్బా ఇడ్చలే. 'పొయ్యనీరా పుల్లా, పొయ్యనీరా' అంటాండాడు. నా గొర్లకు విషం పొయ్యనీమని నన్నే అడుగుతాడా? రెండోది తలకాయ మింద ఏసినా. ఎముక తగిలింది, నా చేతికి తెలిసింది. మోకాళ్ల మింద పడినాడు. అప్పుడు గూడా డబ్బా ఒలక్కుండా పట్టుకోనుండాడు నా కొడుకు! మూడోది..."

"సాలు! ఆపు!"

"డబ్బాను తన్నినా. అప్పుడు ఇడ్చినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

"పారిపోయినాడు. వంక దిక్కు."

"తలకు దెబ్బ తగిలినోడు పారిపోయినాడా? పక్కకు జరుగు. నూటెనిమిదికి ఫోన్ చేస్తా."

"ఫోన్ లోపల పెట్టు సుజాతమ్మా. గొడ్డలి నా చేతికాన్నే ఉండాది. ముందు నా గొర్లు. తర్వాత పోలీసోళ్లను పిలుచ్చుకో, ఎవుర్నన్నా పిలుచ్చుకో."

"నరుకు. చేయి నరుకుతావా, తల నరుకుతావా? నరికినాక నీ గొర్లకు సూది ఎవురు పొడుస్తారో చెప్పి నరుకు."

"నాకు కోపం తెప్పించద్దు!"

"నాకొచ్చింది ఇప్పటికే. ఆయన డబ్బాలో తెచ్చింది నేను చెప్పిందే."

"అబద్దం! నీకు ఫోన్ చేసింది గూడా అందుకే. తప్పు వాని మిందికి రాకుండా ముందే చెప్పి పెట్టినాడు. చెన్నా! యాడికి పోతాండావ్ నువ్?"

"ఆ డబ్బా కాడికి."

"తాకద్దు మే! విషమది!"

"మనం చేనికి తాగే నీళ్లు దేంట్లో తెచ్చుకుంటామయ్యా? ఇట్లాంటి డబ్బాలోనే కదా. కడిగి కడిగి మనదాని మింద బొమ్మ పోయింది, ఆయప్పదాని మింద పోలేదు. ఊర్లో యా ఇంట్లో లేవు చెప్పు ఈ డబ్బాలు? చేతికి దొరికింది తీసుకోని ఉరికింటాడు."

"కింద పెట్టు!"

"అడుగున రోంత మిగిలుండాది."

"చెన్నా, వద్దు మే! ఏలు పెట్టద్దు! సుజాతమ్మా, పట్టుకో దాన్ని! నోట్లో పెట్టద్దు! నీ కాళ్లు మొక్కుతా, పెట్టద్దు! ఊంచు! ఊంచు మే!"

"..."

"చెన్నా? చెన్నా, పలుకు!"

"బెల్లం."

"ఏంది?"

"బెల్లమయ్యా. ఉత్త బెల్లం నీళ్లు. నువ్ తన్నినకాడ చూడు, నేల మింద చీమలు పట్టిండాయి."

"నిజం చెప్పు."

"నువ్వే నాకి చూడు. నీ ఏలు పెట్టు. ఊ, పెట్టు! నన్ను కొట్టే చెయ్యి అది, బెల్లం చూడ్డానికి లేయదా?"

"గట్టుమింద ఆ మూడు గొర్లు ఎట్ల లేసినాయో తెల్దంటివే పుల్లన్నా. పోయి వాటి మూతులు చూడు. జిగటగుంటాయి. ఆ మూడిటికి పోసినాక నువ్వు వచ్చినావ్. నువ్వు రాకుంటే ఇంకా పది లేసిండేవి."

"ఏడుస్తావేందయ్యా ఇప్పుడు? నీ ఏడుపు ఎవురికి కావల్ల? ఆయప్ప పెండ్లాం రామలక్ష్మమ్మకు నేనేం చెప్పేది? ఆమె మొగం ఎట్ల చూసేది?"

"అక్కా, ఏడవను టైం లేదు. రా, స్కూటీ ఎక్కు. నెత్తురు కార్చుకుంటా వంకలో ఎంత దూరం పోయింటాడు? యాడన్నా చెట్టు కింద పడిపోయింటాడు. ఈ ఎండకు ఇంకొక అర్ధగంట ఆగితే దక్కడు. ఊపిరుంటే గుత్తి ఆసుపత్రికి తీసుకపోదాం. పుల్లన్నా, నువ్వు గూడా లెయ్. యా దోవన పోయినాడో చూపించు."

"వంక దిక్కు పోవద్దమ్మా."

"మళ్ళా ఏంటికి? ఇంకా నీ గొర్లేనా నీకు?"

"వంకలో లేడు."

"మళ్ళా యాడుండాడయ్యా? చెప్పు! యాడుండాడు?"

"సుజాతమ్మా... ఇందాక ఆ కంపలో మూలిగింది గొర్రె కాదు."