ఆఖరి మాట

కోట మేడ మీది గదిలో దొరసాని, యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన కూతురి జడ విప్పి దుమ్ము దులుపుతోంది. ఇవాళ తిట్లు తప్పవని పిల్ల తల వంచుకునే కూర్చుంది.

“నిప్పుల వాన మంత్రం మన ఇంటి ఆడపిల్లలకే వస్తుందని మీ నాన్న ఊరూవాడా చాటాడు. అక్కడ ఏం చేశావే?”

“అంతా సరిగ్గానే చదివానమ్మా. ఆఖరి మాట దగ్గర ఆవులింత వచ్చింది.”

“శత్రువు ఎదురుగా ఆవులించావా?”

“నేనేం చేయను! నువ్వు రోజూ పక్కలో పడుకోబెట్టుకుని నేర్పావు. ఆ మాట వచ్చేలోపే నాకు నిద్ర పట్టేసేది.”

“తర్వాత?”

“నా ఆవులింత మంత్రానికి అంటుకుంది. రెండు సైన్యాలూ కత్తులు పారేసి గుర్రుపెట్టాయి. నాన్నయితే ఆ పగవాడి భుజం మీదే వాలిపోయాడు.”

“అయ్యో నా తల్లీ! లేచాక నరుక్కున్నారా?”

“లేదమ్మా. ఇన్నాళ్లకి కంటినిండా నిద్రపోయామని నవ్వుకుని, సంధి చేసుకున్నారు. రేపు ఇంకొక్కసారి ఆవులించమన్నారు.”

దొరసాని చేతిలో దువ్వెన జారిపడేలా నవ్వింది. పిల్లకి ధైర్యం వచ్చింది.

“పోనీ, ఆ ఆఖరి మాటేంటో ఇప్పుడైనా చెప్పమ్మా.”

“నాకొస్తే కదే! మా అమ్మ కూడా నన్ను పక్కలో పడుకోబెట్టుకునే నేర్పింది.”