వెనక చోటు

ఇరవై ఏళ్ల తర్వాత విడుదలైన తన కొత్త రికార్డును పాత డ్రమ్మర్ ఇంటికి తెచ్చి వినిపించాడు ముసలి గిటారిస్టు. రెండు వైపులా అయిపోయాక డ్రమ్మర్ ప్లేయర్ ముల్లు ఎత్తి పక్కన పెట్టాడు.

"ఎలా ఉందిరా?"

"రికార్డు పై అట్ట బాగుంది. బొమ్మలో నీకు జుట్టు కూడా మొలిచింది."

"వెటకారం ఆపు. వచ్చే వారం కచేరీ ఉంది. డ్రమ్స్ నువ్వే వాయించాలి."

"ఆఖరి పాటలో గిటార్ ఎవరిది?"

"నాదే."

"ఛీ, ఈ వయసులో కూడా అబద్ధమేనా? కాఫీ కప్పు పట్టుకోడానికే నీ వేళ్లు వణుకుతున్నాయి. మొత్తంలో ప్రాణం ఉన్నది ఆ పాటొక్కదానికే. ఎవరు వాయించారు?"

గిటారిస్టు వంకర తిరిగిన వేళ్లను జేబులో దాచుకున్నాడు. "మా అమ్మాయి."

"అట్ట మీద దాని పేరేదీ?"

"జనం నా పేరు చూసే కొంటార్రా."

"అప్పట్లో నాకూ ఇదే మాట చెప్పి నా పేరు మింగేశావు. ఇప్పుడు కన్నకూతురి పేరు కూడానా? సిగ్గులేదూ?"

గిటారిస్టు రికార్డు అట్టను బోర్లా తిప్పి పెట్టాడు. "తప్పే. ఏం చెయ్యమంటావు?"

"కచేరీకి వస్తాను. కానీ వేదిక మీద ముందు నిలబడి మీ అమ్మాయి వాయిస్తుంది. నువ్వు వెనక నా పక్కన కూర్చుంటావు."

"నేను... వెనకా?"

"భయపడకు, అలవాటైపోతుంది. అక్కణ్ణుంచి వీపులు తప్ప ఏమీ కనపడవు, అంతే."