తిరగేసిన పొయ్యిరాయి

మాలకొండయ్యని ఒకడంట, ఒట్టి అనుమానం మనిషి. ఎంత అనుమానం అంటే, పెళ్ళాం అన్నం పెడితే ముందు కుక్కకి ఒక ముద్ద ఏసి, ఆ కుక్క తిని తోక ఊపిందాకా చూసి, అప్పుడు తినే రకం అనుకో. నవ్వబాకండి, చెనక్కాయలు ఒలవండి. మీ చేతులు ఆగితే నా నోరూ ఆగుద్ది. ఆడి పెళ్ళాం ఆదెమ్మ. ఆ కుక్క తిన్నాక మిగిలింది తిని కాపరం చేసిందంటే ఎంత ఓర్పు గల మనిషో చూసుకోండి. ఆళ్ళకి పిల్లాజెల్లా లేరు. ఆళ్ళ ఆవుకి ఒక కోడెదూడ పుట్టింది, నుదుట తెల్లసుక్క, అందుకని సుక్కడు అని పేరు పెట్టారు. పుట్టినరోజే తల్లి చచ్చిపోతే ఆదెమ్మ గుడ్డపీలిక పాలల్లో ముంచి నోట్లో పెట్టి బతికిచ్చిందంట. అప్పుడు మొక్కుకుంది, సామీ, ఈడు బతికి కాడి మోస్తే నీ కొండకి తోలుకొచ్చి నీ చుట్టూ తిప్పుతానని. సుక్కడు బతికాడు, ఎద్దయ్యాడు, కాడి మోశాడు. ఇంక మొక్కు తీర్చాల గదా.

కొండేమో దూరాబారం. మాలకొండయ్య ఏమన్నాడంటే, దారిలో సత్రాల్లో పండను, ఒకరి ఇంట్లో నీళ్ళు తాగను, ఎవడు ఎట్టాంటోడో మనకేం తెలుసు అన్నాడంట. మరి ఎట్టా అంటే, సుక్కడికి జతగా ఇంకో ఎద్దుని చూసుకుని, బండి మీద గూడు కట్టాడు. మామూలు గూడు కాదమ్మా! పైన తాటాకు కప్పి, లోపల చాప పరిచి, ఒక మూల బియ్యం కుండ, ఒక మూల ఉప్పూ చింతపండూ, ఈ పక్క నీళ్ళ కాగు, ఆ పక్క రోకలి, ఎనకాల తలుపు, ఆ తలుపుకి ఇంత తాళం. ఆదెమ్మ చూసి చూసి, ఏమయ్యో, ఇల్లంతా ఎక్కిచ్చావు, గడప ఒకటి మిగిలింది, అది కూడా పీక్కురారాదా అంది. ఆడు నిజంగానే గడప వంక తిరిగి చూశాడంట.

అయితే ఏమైందంటే, మనిషి గూట్లో పడుకుంటాడు గానీ ఎద్దు పడుకోదు గదా. దానికి నీడ కావాల, నీళ్ళు కావాల. ఇల్లు ఎంత ఎత్తుకొచ్చినా పొద్దుగూకేసరికి ఏదో ఒక మజిలీలో బండి విప్పక తప్పదు. ఆ దారెంట మజిలీలు ఉండేయి, తోపులూ, దిగుడుబావులూ. బండ్లోళ్ళకి అప్పట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఒక చోట వండుకుని తిని పోతన్నామనుకో. ఆ చోటు మంచిదయితే, పొయ్యికి పెట్టుకున్న మూడు రాళ్ళు అట్టానే నిలబెట్టి మధ్యలో గుప్పెడు చితుకులు పెట్టి పోవాల, ఎనకొచ్చేవోళ్ళు అగ్గి రాజేసుకోను. చెడ్డదయితే ఒక రాయి తిరగేసి, మసి పట్టిన పక్క పైకి పెట్టి పోవాల. ఎనకొచ్చేవోడు అది చూసి బండి ఆపకుండా తోలుకుపోతాడు. ఇంకో మాట. ఆ రాయిని అక్కడ ఉండి పోయినోడే ముట్టుకోవాల. చోటుగలవోడు ముట్టుకోగూడదు. నా కూర బాగుందని నేనే చెప్పుకుంటే ఎట్టా? తిన్నోళ్ళు చెప్పాల.

మొదటి మజిలీ చింతతోపు. రాళ్ళు నిలబడి ఉన్నయ్యి, మధ్యలో చితుకులు కూడా ఉన్నయ్యి. సరే మంచి చోటని ఆపారు. తోపుగలవోడు ముకుందయ్య ఎదురొచ్చాడు. తలకి ఎర్రంచు పాగా, మొహం నిండా నవ్వు. రా అన్నా, రా వదినా, ఎంత దూరం నించో అలిసొచ్చారు, అబ్బ ఎద్దంటే ఇదీ ఎద్దు, అని సుక్కణ్ణి వీపు నిమిరి, ఇంత గడ్డి తెచ్చి ఏశాడంట. నోరు మంచిదయితే ఊరు మంచిదవుద్దంటారు గదా, మాలకొండయ్యంతటోడు కూడా మెత్తబడ్డాడు. తెల్లారి చూస్తే ఏముంది? సుక్కడి మెళ్ళో మువ్వల పట్టెడ లేదు! ముకుందయ్యని అడిగితే, అయ్యో అన్నా, ఎవడో దారినపోయేవోడు కొట్టేసి ఉంటాడు, నా తోపుకి ఎంత మచ్చ తెచ్చాడు, అని ఇంతింత కన్నీళ్ళు. చేసేదేం లేక మాలకొండయ్య ఒక పొయ్యిరాయిని కాలితో తన్ని తిరగేసి బండి కట్టాడు. కాస్త దూరం పోయాక ఆదెమ్మ ఎనక్కి తిరిగి చూస్తే, ముకుందయ్య వంగి ఆ రాయి నిలబెట్టి, తనే చితుకులు ఏరి పెడతన్నాడంట!

అంతే, మాలకొండయ్యకి అప్పటిదాకా మనుషుల మీదే అనుమానం, ఆనాటి నించి రాళ్ళ మీద కూడా మొదలైంది. రెండో మజిలీ కాడికి వచ్చారు. చిన్న కుంట, చుట్టూ గన్నేరు చెట్లు, ఎర్రగా విరగబూసినయ్యి. పొయ్యి కాడ రాయి తిరగేసి ఉంది. వద్దయ్యా పోదాం పా అంది ఆదెమ్మ. నీకు తెలవదే, నిలబెట్టిన రాయి దొంగదయినాక తిరగేసిన రాయి మంచిదే అయ్యుంటది, ఎవడో ఈ చోటు తనకొక్కడికే ఉండాలని తిరగేసి పోయాడు, చూడు మనిషి పురుగు లేదు, ఇంతకన్నా మంచి చోటు ఏడుంది, అన్నాడంట. సుక్కడు నీళ్ళు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. ఆ ముకుందయ్య గాడు నిన్న దీనికి ఏదో పెట్టాడే, అందుకే తాగటం లేదన్నాడు గానీ, కుంట నిండా గన్నేరాకు రాలి కుళ్ళి ఉండాది, అది చూళ్ళా. పొద్దుటికల్లా, జతెద్దు మూతి పెట్టలా గానీ, దాహం ఆగక సుక్కడు నాలుగు గుక్కలు తాగాడు. నాలుగంటే నాలుగే. బండి రెండు మైళ్ళు పోయిందో లేదో, నోటెంట సొంగ, కాళ్ళు వణుకు, కాడి కింద కూలబడబోయాడు. ఆదెమ్మ బండి మీద నించి దూకి, ఓ అబ్బో నా కొడకా, అని మెడ కావిలిచ్చుకుని ఏడ్చింది.

ఈడ్చుకుంటా ఈడ్చుకుంటా మూడో మజిలీకి చేరారు. ఏపతోపు, రాళ్ళు నిలబడి చితుకులున్నయ్యి. తోపుగల మనిషి గురవమ్మ, మొగుడు లేని ముసల్ది. ఆమె నోరు నోరు కాదు, గండ్రగొడ్డలి. బండి ఆగీ ఆగకముందే, ఏమయ్యా, కళ్ళు నెత్తి మీద పెట్టుకుని తోలుకొచ్చావా, ఆ కుంటలో తాపినావా, రాయి కనపళ్ళేదా, తప్పుకో ఇటు, అని ఈణ్ణి ఒక్క నెట్టు నెట్టి సుక్కడి కనురెప్ప ఎత్తి చూసింది. లోపలికి పోయి బొగ్గు మెత్తగా నూరి, మజ్జిగలో కలిపి, వెదురుగొట్టంలో పోసుకొచ్చింది. మాలకొండయ్య అడ్డం నిలబడ్డాడు. ఏందది? నల్లగా ఉంది? నిన్నెవరడిగారు? అడగందే అమ్మయినా పెట్టదంటారు, నువ్వు అడక్కుండానే పెడతన్నావంటే నీకేదో లాభం ఉంది, అన్నాడు. ఆమె గొట్టం ఎత్తి తన నోట్లో ఒక గుక్క పోసుకుని మింగి, పళ్ళికిలిచ్చింది. పళ్ళన్నీ నల్లగా, చూడు అన్నట్టు! ఆదెమ్మ ఇంక మొగుడి వంక చూళ్ళేదు. తనే సుక్కడి దవడ పట్టుకుని, పోసెయ్ పెద్దమ్మా అంది.

సుక్కడు బతికాడు. మూణ్ణాలుగు రోజులు ఆణ్ణే ఉన్నారు. గురవమ్మ పూటపూటకీ తిడతానే ఉంది, పూటపూటకీ తొట్లో కుడితి పోస్తానే ఉంది. సుక్కడు ఆమె గొంతు ఇంటే చాలు చెవులు నిక్కిచ్చేవాడంట. మాలకొండయ్యకి మాత్రం ఒకటే దురద, ఈమెకేంది లాభం? తొంగి తొంగి చూశాడు, గోడ ఎనక నక్కి చూశాడు. చివరికి దొరికింది. ఏందంటారు? పేడ! బండ్లు ఆగితే ఎద్దులు పేడ ఏస్తయ్యి గదా, ఆ పేడతో పిడకలు చరిచి, ఆ పిడకలమ్ముకుని బతకతంది. తోపు గోడంతా పిడకలే. ఇంత అనుమానపడి అనుమానపడి ఆడు పట్టుకున్న గుట్టు అదీ.

అప్పుడన్నా సిగ్గు తెచ్చుకోవాలా? పోయేముందు ఏం చేశాడో తెలుసా? ఆదెమ్మ బండెక్కినాక, ఒక పొయ్యిరాయి తీసి తిరగేశాడు! ఇదేందయ్యా అంటే, ఒసే పిచ్చిదానా, ఇంత మంచి చోటని అందరికీ తెలిస్తే మనం తిరిగొచ్చేసరికి చోటుంటదా, ఎవడెవడో దిగుతాడు, అన్నాడంట. ఆదెమ్మ, దిగి నిలబెట్టు, పాపం తగులుద్ది అంది. ఈడు ఎద్దుల్ని అదిలిచ్చాడు. ఆమె మాట ఆ చక్రాల చప్పుట్లో కలిసిపోయింది.

కొండకి పోయారు, సుక్కణ్ణి చుట్టూ తిప్పారు, మొక్కు తీరింది. తిరుగుదారిలో ఏపతోపు కాడికొస్తే, ఒక్క బండి లేదు. గోడ మీద ఒక్క పిడక లేదు. పొయ్యి కాడ చూస్తే మూడు రాళ్ళూ తిరగేసి ఉన్నయ్యి! చూశావటే, నేను అప్పుడే అనుకున్నా, ఈ ముసల్దాని కాడ ఏదో ఉందని, అన్నాడు మాలకొండయ్య. ఆదెమ్మకి ఒళ్ళు మండింది. మొదటిది నువ్వు తిప్పిందే గదయ్యా! అంది. నేను తిప్పింది ఒకటే, మరి మిగతా రెండూ ఎవరు తిప్పారు? ఊరికే తిప్పుతారటే? ఏదో చూసే తిప్పుంటారు. అట్టా అన్నాడంట! తను ఆడిన అబద్ధం ఇద్దరు నమ్మి ఇంకో రెండు రాళ్ళు తిరగేస్తే, ఆ రెండు రాళ్ళూ చూసి తనే నమ్మాడు. సుక్కడు తొట్టి వైపు ఒకటే గుంజుడు. వాతలు తేలేట్టు కొట్టి తోలాడు. గన్నేరు కుంట కాడ ఎట్టాగూ ఆపకూడదు. ఎద్దులు ఇంక అడుగెయ్యలేని ఏళకి ముకుందయ్య చింతతోపు వచ్చింది. ఇక్కడ వద్దయ్యా అంటే, తెలవని దొరకన్నా తెలిసిన దొంగ మేలే, ఈడి మీద ఒక కన్నేసి ఉంటే సరిపోద్ది, అన్నాడు. కన్నొకటే కాదు, సుక్కడి పలుపు తన కాలికే కట్టుకుని పడుకున్నాడంట.

తెల్లారింది. కాలికి మూరెడు పలుపు ఉంది, దాని చివర సుక్కడు లేడు. కోసేసి ఉంది. ముకుందయ్య పరిగెత్తుకొచ్చాడు, నెత్తిన పాగా లేదు, కుంటతన్నాడు, అయ్యో అన్నా, అని మళ్ళీ కన్నీళ్ళు. మాలకొండయ్య దారినపోయేవోళ్ళని అనుమానించాడు, చెట్టెక్కిన కోతిని అనుమానించాడు, ఆఖరికి ఆదెమ్మ వైపు తిరిగి, నువ్వే విప్పావు, ఆ ముసల్దాని కాడికి పోనిచ్చింది నువ్వే, అన్నాడు. ఎదురుగ్గా కుంటతా నిలబడ్డోడు మాత్రం కనపళ్ళా!

ఆదెమ్మ ఏడవలా. ఇన్నేళ్ళు కుక్క ఎంగిలి తిన్నా, ఎప్పుడూ ఒక్క మాట అన్లేదు. నా బిడ్డని నేనే పోగొట్టుకున్నానంటావా? నీ ఇల్లు నీ బండి నువ్వే కాపలా కాసుకో, అని కొంగు దోపుకుని వచ్చిన దారినే ఎనక్కి నడిచింది. మాలకొండయ్య బండి వంక చూశాడు, పెళ్ళాం వంక చూశాడు. ఇల్లంతా ఆ బండిలోనే ఉండాది. ఆమేమో మలుపు తిరగతంది. భయమేసింది ఆడికి, ఉత్త భయం. రెండో ఎద్దు పలుపు పట్టుకుని, ఏమేవ్, ఆగవే, అని పరిగెత్తాడు. ఆ పరుగులో తాళం ఏసే మాట మర్చిపోయాడంట. ఆడి బతుకులో అదే మొదటిసారి.

ఎండనపడి ఏపతోపుకి చేరేసరికి ఏముందీ, సుక్కడు తొట్టి కాడ నిలబడి తాపీగా కుడితి తాగతన్నాడు! మెళ్ళో తెగిన పలుపు, కుడి కొమ్ముకి ఎర్రంచు గుడ్డపీలిక. ముకుందయ్య పాగా అది. రాత్రి తోలుకుపోబోతే ఒక్క కుమ్ము కుమ్మి, తనకి తెలిసిన చోటికి తను వచ్చేశాడన్నమాట. ఆదెమ్మ పోయి ఆడి మెడ మీద పడింది, అప్పుడు ఏడ్చింది. మాలకొండయ్య పీలిక చూశాడు, సుక్కడి వీపు మీద తను కొట్టిన వాతలు చూశాడు, బోసిగోడ చూశాడు. గురవమ్మ ఎదటికి పోయి, పెద్దమ్మా, ఆ మొదటి రాయి తిప్పింది నేనే, అన్నాడు.

తెలుసులే, తిప్పేప్పుడు కొట్టం కాడ నించి చూశా, అంది గురవమ్మ. మరి అప్పుడే అడగలేదేం, అన్నాడు. అడిగితే నీకు నా మీద ఇంకో అనుమానం పుట్టేది. మరి బండ్లు రాక తిండి లేక చచ్చేకన్నా నువ్వే సరిగ్గా పెట్టుకోలేకపోయావా, అన్నాడు. ఏం మాటయ్యా అది, ఉండెళ్ళినోళ్ళు పెట్టాల్సిన రాయి నేను పెట్టుకుంటే, నాకూ ఆ చింతతోపోడికీ తేడా ఏముంది?

మాలకొండయ్య పోయి ఒక్కో రాయీ నిలబెట్టి, మసిచేతుల్తోనే చితుకులు ఏరి మధ్యలో పెట్టాడు. గురవమ్మ ఆదెమ్మకో గిన్నె మజ్జిగ ఇచ్చి, ఆడికో గిన్నె ఇచ్చింది. కుక్క కోసం చూశాడో లేదో నాకు తెలవదు గానీ, తాగాడంట. బండి ఏమైందంటారా? తాళం లేని బండి ముకుందయ్య తోపులో ఉంటే ఏమవుద్ది? తిరిగిపోయి చూస్తే రోకలొక్కటే మిగిలిందంట.

అదమ్మా సంగతి. మనిషిని నమ్మొద్దని నేనూ అనను, నమ్మమనీ అనను, కుంటేవోణ్ణి మాత్రం చూసుకోండి. ఇంక పొద్దుపోయింది, పదండి. ఏయ్ పోలమ్మా, లేచేముందు ఒడి ఒక్కసారి దులుపుకుని పోవే. అనుమానం కాదులే, ఊరికే.