తోడల్లుళ్ళ బూట్లు

హలో… ఆ, నేనే అన్నయ్యగారూ, మీ తోడల్లుణ్ణి… వద్దొద్దు, వదినగారికి ఇవ్వకండి. మీతోనే పని.

…డిపోలోనే ఉన్నా. ఇప్పుడే టిక్కెట్ల మిషను తీసుకున్నా. బస్సు కదలడానికి ఇంకా పది నిమిషాలుంది.

ఏం లేదు… ఆదివారం మామగారింట్లో భోజనాలయ్యాక మీరు ముందు వెళ్ళిపోయారు కదా… ఆ, వర్షం వచ్చేలా ఉందని. ఆ కంగారులో గుమ్మం దగ్గర మన బూట్లు మారిపోయాయండీ.

…రెండూ తెల్లవే. రెండూ తొమ్మిదో నంబరే. కంపెనీ కూడా ఒకటే— అంటే, పేరుకి ఒకటే.

…పేరుకి అంటే… ఒక్కసారి గది తలుపు వేసుకుంటారా?

…వేశారా. నావి డూప్లికేటండీ.

హలో?… ఆ, డూప్లికేటే. ఫుట్‌పాత్ మీద కొన్నా. మా ఆవిడేమో అందరిముందూ షోరూమ్‌లో కొన్నామనేసింది. మీరు చూసి, పది గజాల దూరం నుంచే చెప్పగలను, ఇది అసలు సరుకు అన్నారు. ఇంక నేనేం నోరు విప్పను? తలొంచుకుని తిన్నా.

…ఎగతాళి కాదండీ. ఒట్టు.

…మీవి భద్రంగానే ఉన్నాయి. అంటే… వేసుకున్నాననుకోండి. నాకున్నది ఆ ఒక్క జతే కదా. ఐదు రోజులుగా మీ బూట్లతోనే డ్యూటీ… మెత్తదనానికేం, దూదిలా ఉన్నాయి. నడుమే పట్టేసింది. నిన్న కడ్డీకి వేలాడుతూ టిక్కెట్లు కొట్టా.

…ఎందుకంటే… ఇది పెళ్ళప్పుడు కూడా ఎవరికీ చెప్పలేదు. నా ఎడమకాలు అరంగుళం పొట్టి. డిపో గేటు దగ్గర చెప్పులు కుట్టే తాత ఎడమ బూటులో తోలుముక్క వేసిచ్చాడు. పైకి కనబడదు… ఊహూఁ, కుడిదాంట్లో లేదు.

…ఏంటీ, మీకూనా?… తుంటి దగ్గరా?… రేపు ఎక్స్‌రే కూడానా! అయ్యయ్యో.

…డాక్టరు వయసన్నాడా. వయసు కాదండీ, నా తోలుముక్క.

సాయంత్రం డ్యూటీ దిగి అటే వస్తా, మార్చేసుకుందాం… ఎందుకొద్దు?

…ఆఫీసులో అందరూ చూశారా?… మెచ్చుకున్నారా? ఐదు రోజులూనా? …అసలుకీ నకిలీకీ తేడా మీరే నేర్పించారా వాళ్ళకి? మీ కాళ్ళకున్నవి చూపించి…

…లేదండీ, నవ్వట్లేదు. దగ్గు.

…మీ కాళ్ళకున్నవే ఒరిజినలంటారా. సరే, లేసుల కింద పట్టీ మీద కంపెనీ పేరుంటుంది, చదవండి. ఒక అక్షరం ఎక్కువుందా లేదా?… ఓహో. ఎగుమతి సరుక్కి అలాగే ఉంటుందా.

మరి తోలుముక్క?… కంపెనీవాడే పెట్టాడా! ఒక్క ఎడమకాలికేనా?… కొత్త టెక్నాలజీ. అలాగా.

…అంటే ఇప్పుడు నా కాళ్ళకున్నవే డూప్లికేటు… ఒప్పుకుంటున్నానండీ. మీరంత గట్టిగా చెబుతుంటే నేనెవణ్ణి కాదనడానికి? నావే. మళ్ళీ అడగను… వదినగారికీ చెప్పను.

…నా నడుమా? ఏముంది, తాత ఇక్కడే కూర్చున్నాడు. ఈ డూప్లికేటుకీ ఓ ముక్క వేయించేస్తా.

డ్రైవరు హారను కొడుతున్నాడు, ఉంటా మరి… ఆ, ఒక్కమాట. ఆ ఎక్స్‌రే దండగండీ. మీ కుడి బూటుకి కూడా ఆ కొత్త టెక్నాలజీ ఒకటి వేయించుకోండి, కాళ్ళు సమానమైపోతాయి… తాతని పంపనా?

…హలో? అన్నయ్యగారూ?… హలో?